పెద్దబాపుతో ఒక పూట

కరీంనగర్ నుంచి పెద్దబాపు వచ్చాడు. సాయంత్రం బస్సుకే తిరుగు ప్రయాణం. ఉన్న ఒక్క పూటలో మా వరంగల్ చూపిద్దామని పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం.

ఎండెక్కకముందే వేయిస్తంభాల గుడికి చేరాం. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి వేర్వేరు గర్భగుళ్లు. నల్లరాతి నంది దగ్గరికొస్తే నా కాళ్లు కదలవు. మెడలోని గంటలు దేనికది విడిగా తెలుస్తాయి, ఒళ్లంతా అద్దంలా నునుపు. ఈసారి మాత్రం ఎక్కువసేపు కల్యాణమండపంలోనే కూర్చున్నాం. పునాది దెబ్బతిన్నదని దాన్ని మొత్తం విప్పి, రాళ్లకు నంబర్లు వేసి, మళ్లీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. మా ఇంటి పిల్లలు అది విప్పి ఉన్నప్పుడే పెరిగి పెద్దవాళ్లయ్యారు. అన్నేళ్లు పట్టినా వదలకుండా నిలబెట్టిన శిల్పులకు దండం పెట్టాలనిపించింది.

భద్రకాళి దగ్గర లైన్ బాగా ఉంది. దర్శనం చేసుకుని వెంటనే బయటపడ్డాం. ఎంజీఎం ఆస్పత్రి వైపు వస్తుంటే, 1886 నాటి సెంట్రల్ జైలు ఉండాల్సిన చోట కొత్త ఆస్పత్రి బిల్డింగ్ కనిపించింది. జైలును 2021లో కూల్చేశారు. ఆస్పత్రి కావాల్సిందే, కాదనను. ఒక్క గోడనైనా ఉంచితే బాగుండేది.

ఖిలా వరంగల్‌కు పోయే ముందు పెద్దబాపు ఆటోను మిల్స్ కాలనీ వైపు తిప్పించాడు. ఆజంజాహి మిల్లులో ఆయన స్పిన్నింగ్‌లో పనిచేశాడు. 1934లో ఏడో నిజాం హయాంలో మొదలైన మిల్లు 2002లో మూతపడింది. మెషిన్లు పోయాయి, షెడ్లు పోయాయి. ఆయన మాత్రం ఆటో దిగి, రోడ్డు పక్కన నిలబడి చేయి చాపి చూపించాడు.

"గీడ గేటుండె బిడ్డా. సైరన్ మోగితే ఊరంత తెలుస్తుండె. షిఫ్టు దిగి వస్తుంటే కనురెప్పల మీద గూడ పత్తి దుమ్మే."

అలా చెబుతూ రెప్పలు తుడుచుకున్నాడు, ఆ దుమ్ము ఇంకా ఉన్నట్టు. నాకు గొంతు పట్టేసింది.

కోటలో నాలుగు కీర్తితోరణాలూ నిలబడే ఉన్నాయి. 1323లో కోట ఢిల్లీ సైన్యానికి లొంగిపోయింది, నడుమ ఉన్న స్వయంభూ శివాలయం కూలిపోయింది. ఆ గుడి రాళ్లు పగిలినవైనా సరే, ఏరి వరుసగా పెట్టారు. తామరపువ్వు సగమే మిగిలిన ముక్కకు కూడా అక్కడ చోటుంది. చాలా మంచి పని. మిల్లు విషయంలో నాకు బాధంతా ఇక్కడే. వేలమందికి అన్నం పెట్టిన మిల్లది. దాని గేటునో, ఒక మగ్గాన్నో అలాగే కాపాడితే ఎంత బాగుండు! కాకతీయులదే చరిత్ర, కార్మికులది కాదా?

ఎండ ముదిరింది, కోటలోని ఖుష్ మహల్ లోపలికి పోయి ఎత్తైన కమానుల కింద నీడన కూర్చున్నాం. పెద్దబాపు తన జతగాళ్లను గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కరి పేరూ, ఎవరు ఏ మెషిన్ మీద చేసేవారో చెబుతుంటే ఫోన్లో రికార్డు పెట్టాను. ఇంకా చాలా ఉందట. దసరాకు నేనే కరీంనగర్ వెళ్లి మిగతాది రాసుకుంటాను.