తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే తెలిసింది

హన్మకొండ నయీంనగర్‌లో మాది పై అంతస్తు. ఏప్రిల్ వచ్చిందంటే స్లాబు వేడి రాత్రి పదింటికి కూడా దిగదు. ఆ గదిలోనే రెండడుగుల మొక్కల ట్యాంకు పెట్టుకున్నాను. దాదాపు 50 లీటర్ల నీళ్లు, వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, చెక్కకు కట్టిన జావా ఫెర్న్. చేపల కోసం తొందరపడలేదు. మొక్కల కోసం అడుగున పరిచే పోషకాల మట్టి, ఆక్వా సాయిల్, మొదట్లో చేపలకు విషమైన అమ్మోనియా వదులుతుందని తెలుసు కాబట్టి ఆరు వారాలు ఒట్టి మొక్కలతోనే నడిపాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా అని నీటి పరీక్ష కిట్ వారం రోజులు వరసగా చూపించాకే ఒక శనివారం సాయంత్రం 12 నియాన్ టెట్రాలు, 4 గప్పీలు, 2 హనీ గౌరామీలు తెచ్చి వదిలాను.

ఆదివారం అంతా బాగున్నాయి. సోమవారం పొద్దున లేచేసరికి రెండు నియాన్లు ఫిల్టర్ జాలికి అతుక్కుని ఉన్నాయి. మంగళవారం మూడు. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర చూశాను. తెల్ల మచ్చ లేదు, రెక్క చిరగలేదు, పొట్ట ఉబ్బలేదు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది, మొప్పలు విచ్చుకుని ఉన్నాయి. దాని అర్థం ఏమిటో అప్పుడు నాకు తట్టలేదు.

చేపలు కొన్న దుకాణంలో అడిగితే "కొత్త నీళ్లు పడలేదన్నా, ఇది నాలుగు చుక్కలెయ్యి" అని ఒక నీలం మందు సీసా ఇచ్చారు. రోగమేదో తెలియకుండా మందు వేయడానికి మనసు ఒప్పలేదు. ఆరు వారాలు పెంచిన మేలు చేసే బాక్టీరియా కూడా దాంతో పోవచ్చు. సీసా పక్కన పెట్టి మళ్లీ పరీక్షలు చేశాను. అమ్మోనియా సున్నా. నైట్రైట్ సున్నా. నల్లా నీళ్లలో క్లోరిన్ పోయే మందు ప్రతిసారీ వేస్తూనే ఉన్నాను. అయినా ఏదో విషం కలిసిందేమోనని మంగళవారం సాయంత్రం సగం నీళ్లు తీసి, బకెట్లతో కొత్తవి పోశాను. బుధవారం ఒక్కటీ చావలేదు. ఇంకేం, తప్పు నీళ్లదేనని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకమే నన్ను ఇంకో రోజు తప్పుదారి పట్టించింది. గురువారం పొద్దున రెండు నియాన్లు, ఒక గప్పీ.

ఆ రోజు ఆఫీసులో కూర్చుని రాసుకున్నవన్నీ ముందేసుకున్నాను. పగలు ఒక్క చేప కూడా చావలేదు. పోయినవన్నీ రాత్రే పోయాయి. గౌరామీలకు మాత్రం ఏమీ కాలేదు. రాత్రి ఏం జరుగుతోందో నేనొక్కసారి కూడా చూడలేదు. ఫోన్లో నాలుగింటికి అలారం పెట్టుకున్నాను.

శుక్రవారం తెల్లవారుజామున ఫోన్ లైటు పక్కకు తిప్పి చూస్తే కడుపులో దేవినట్టయింది. మిగిలిన ఐదు నియాన్లూ నీటి పైఅంచుకు మూతులు ఆనించి, మొప్పలు దడదడలాడిస్తూ ఒక మూలకు చేరాయి. గప్పీలూ అంతే. గౌరామీ ఒకటి తీరిగ్గా పైకొచ్చి ఓ గుటక గాలి మింగి కిందికి పోయింది. నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్ సాయంత్రం ఆకుపచ్చగా ఉండేది, ఇప్పుడు పసుపు రంగుకు తిరిగి ఉంది, అంటే ఆ గ్యాస్ ఎక్కువైంది.

మా మేనమామ నర్సంపేట వైపు చెరువులో చేపలు పెంచుతాడు. ఐదయ్యేదాకా ఎట్లాగో ఆగి ఫోన్ చేశాను.

"మామా, చేపలు మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయి."

"ఏ యాళ్లకు?"

"తెల్లారగట్ల. పగటీలి మంచిగనే ఉంటున్నయి."

"గాలి సరిపోతలేదు బిడ్డా. నీళ్లు ఆకుపచ్చగ చిక్కబడ్డప్పుడు, మబ్బు పట్టిన తెల్లారి మా చెరువుల బొచ్చెలు గట్లనే తేలుతయి. కొర్రమట్టకేం కాదు, అది మీది గాలి మింగుతది. ముందుగాల చెంబుతోని ఎత్తిపొయ్యి, తర్వాత మాట్లాడుదువు."

చెంబుతో ముంచి అడుగు ఎత్తు నుంచి మళ్లీ అదే నీటిలో పోస్తూ కూర్చున్నాను. చెయ్యి నొప్పి పుట్టింది. పావుగంటకు గప్పీలు కిందికి దిగాయి. అరగంటకు నియాన్లు ఒక్కొక్కటే మూల వదిలి వాలిస్నేరియా మధ్యకు వెళ్లాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత లెక్క అంతా కుదిరింది. మొక్కల కోసం చక్కెర, ఈస్ట్ కలిపిన రెండు లీటర్ల సీసాతో కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్నాను. సిలిండర్‌కైతే రాత్రి వాల్వు మూసేయొచ్చు, సీసాకు అది కుదరదు. పైగా ఎండ పెరిగేకొద్దీ ఈస్ట్ వేగం పెరుగుతుంది. ఫిబ్రవరిలో సరిపోయిన పాళ్లు ఏప్రిల్ గదిలో ఎక్కువైపోయాయి. కొత్త సీసా కలిపింది ఆదివారం పొద్దున, చావులు మొదలైంది సోమవారం. దీపం ఆరితే మొక్కలు ఆక్సిజన్ ఇవ్వడం ఆపి, అవే పీల్చుకుంటాయి. 25 డిగ్రీల నీళ్లు గాలి నుంచి లీటరుకు 8.2 మిల్లీగ్రాముల వరకు ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి. 32 డిగ్రీలకు అది 7.3కు పడిపోతుంది, చేపకేమో వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. వీటన్నిటికీ తోడు నేను చేసిన పని ఒకటుంది. గ్యాస్ ఎగిరిపోకూడదని ఫిల్టర్ మూతిని నీటి లోపలికి దించి, పైన అల అనేదే లేకుండా చేశాను. చప్పుడుకు నిద్ర పట్టదని ఏర్ పంపు అసలు పెట్టనే లేదు. మంగళవారం పోసిన బకెట్లు ఆ ఒక్క రాత్రికి గాలి ఇచ్చాయి, ఎక్కువైన గ్యాస్‌ను తరిమాయి. అంతకు మించి ఆ నీళ్లలో మహిమేమీ లేదు.

ఫిల్టర్ మూతిని పైకి జరిపి, నీటి మీద అల కదిలేలా పెట్టాను. ఏర్ పంపును టైమర్‌కు తగిలించాను, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా. ఈస్ట్ సగానికి తగ్గించాను. పడుకునే ముందు సీసా గొట్టం ట్యాంకులోంచి తీసి బయట వేలాడదీస్తాను. దాన్ని మడిచి కట్టడం, మూయడం ఎవరూ చేయకండి, ఒత్తిడికి సీసా పగులుతుంది. మధ్యాహ్నాలు మూత తీసి చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పితే రెండు డిగ్రీలు తగ్గుతోంది. నీళ్లు ఆవిరవుతాయి, రోజూ కాస్త పోయాలి.

ఆ శుక్రవారం తర్వాత ఒక్క చేపా పోలేదు. నియాన్లను మాత్రం ఆ ఎండల్లో తేకుండా ఉండాల్సింది, అవి అంత వేడి నీళ్లకు తట్టుకునే చేపలు కావు. మిరుగు దాటి వానలు పడ్డాక ఇంకో ఏడు తెచ్చాను. తెచ్చిన రాత్రి నాలుగింటికి లేచి లైటు పక్కకు తిప్పి చూశాను. పన్నెండూ క్రిప్టోకొరైన్ ఆకుల దగ్గర, రంగు వెలిసిపోయి, కదలకుండా నిలబడి ఉన్నాయి. రంగు చూసి ఒక్క క్షణం గుండె జారింది. నియాన్లు రాత్రి నిద్రలో అట్లాగే పాలిపోతాయని గుర్తొచ్చి లైటు ఆర్పేశాను.