ఎడమ మర గొట్టానికి కుడి మర బ్రేక్: జాస్తవా ఎం70 పని ఎంతవరకూ వచ్చింది

జాస్తవా ఎం70 సెర్బియాలో తయారయ్యే ఏకే రకం రైఫిల్. దాని గొట్టం కొసన ఉన్నది 14×1 ఎడమ మర. అంటే వ్యాసం 14 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకి 1 మి.మీ. జరుగుతుంది, గడియారానికి ఎదురు తిప్పితే బిగుస్తుంది. సైకిల్ ఎడమ పెడల్ మార్చినవాళ్లకి ఈ తిరకాసు తెలిసే ఉంటుంది. నా దగ్గర ఊరికే పడి ఉన్న మజిల్ బ్రేక్ (గొట్టం కొసకి బిగించి, వాయువుల్ని పక్కలకి మళ్లించి తన్ను తగ్గించే ముక్క) .308 బోల్ట్ రైఫిల్‌ది. దాని మర 5/8-24: వ్యాసం 15.875 మి.మీ., అంగుళానికి 24 చుట్లు, మామూలు కుడి మర. కొత్త బ్రేక్ కొనకుండా ఉన్నదాన్నే, ఒక మరని ఇంకో మరకి కలిపే అడాప్టర్‌తో ఎక్కించాలని మొదలుపెట్టాను.

కొలతలు

ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలు వేరే గదిలో పెట్టాక ఉన్న బ్రేక్ విప్పాను. ముందు సైట్ కింద ఉండే స్ప్రింగ్ పిన్ను నొక్కిపట్టి గడియారం దిక్కున తిప్పితే వచ్చేస్తుంది.

కాలిపర్ 14 కంటే ఒక వెంట్రుకవాసి తక్కువ చూపించింది. బయటి మర ఎప్పుడూ పేరు కంటే కాస్త తక్కువే కొలుస్తుంది కాబట్టి కంగారు లేదు. పళ్ల మధ్య దూరం (పిచ్) కొలిచే పలకల పరికరం, పిచ్ గేజ్ దగ్గరే జాగ్రత్త కావాలి. 24 చుట్ల మర పిచ్ 1.058 మి.మీ. రెండు మూడు పళ్ల మీద ఆనిస్తే 1 మి.మీ. పలకా సరిపోయినట్టే ఉంటుంది, 24 పలకా సరిపోయినట్టే ఉంటుంది. మర పొడవంతా ఆనించి వెనక టార్చ్ పెడితే తేడా బయటపడుతుంది. అమెరికాలో ఎఫ్‌ఏఎల్ రైఫిళ్ల కోసం 9/16-24 ఎడమ మర బ్రేకులు కూడా దొరుకుతాయి. 9/16 అంటే 14.29 మి.మీ. అది ఈ గొట్టానికి ఎక్కుతుంది, కానీ లొడలొడలాడుతుంది. ఎక్కింది కదా అని దాంతో కాల్చకూడదు.

అడాప్టర్ ఎలాంటిది కావాలి

1/2-28 (వ్యాసం 12.7 మి.మీ.) గొట్టాన్ని 5/8-24 చేసే అడాప్టర్ సన్నటి తొడుగులా ఉంటుంది. లోపలి మర, బయటి మర ఒకదాని మీద ఒకటి ఉంటాయి. 14 మి.మీ. గొట్టానికి ఆ పద్ధతి కుదరదు. 5/8-24 మరలో పళ్ల మొదట్లో కొలిచే వ్యాసం దాదాపు 14.58 మి.మీ. అందులోంచి 14 తీసేస్తే ఒక్కో వైపు మిగిలే గోడ 0.29 మి.మీ. అంత పలచటి ఉక్కు మీద నాకు నమ్మకం లేదు. అందుకని బయటి మర గొట్టం కొస దాటాక మొదలయ్యే రకం తీసుకున్నాను. రైఫిల్ అంగుళం దాకా పొడుగైంది, ముందు బరువు పెరిగింది. తప్పదు.

లేత్ మీద గొట్టాన్నే 5/8కి కోయించవచ్చుగా అనిపించవచ్చు. అందుకు అక్కడ లోహమే చాలదు. 1/2-28కి కోయించవచ్చు గానీ, రేపు ఎవరో రంధ్రం చిన్నదైన .223 బ్రేక్ తెచ్చి ఈ .30 క్యాలిబర్ గొట్టానికి తగిలిస్తారేమోనన్న భయంతో ఆ ఆలోచన మానుకున్నాను.

అసలు చిక్కు

వ్యాసం కంటే దిక్కు పెద్ద సమస్య. కుడి మర బ్రేక్‌ని గడియారం దిక్కున బిగిస్తుంటే, అదే తోపు కింద ఉన్న ఎడమ మర అడాప్టర్‌ని విప్పుతుంది. పిన్ను గాడిలో పడి ఆపుతుంది నిజమే, కానీ నాలుగు గాళ్లున్న అడాప్టర్ పావు చుట్టు చొప్పునే నిలుస్తుంది. అంటే 0.25 మి.మీ. దాకా సందు మిగలవచ్చు. ఆ సందులో అడాప్టర్ వంగి కూర్చుంటే బ్రేక్ కూడా వంగుతుంది.

లెక్క వేసి చూశాను. 20 మి.మీ. వెడల్పు ముఖం మీద 0.1 మి.మీ. వంపు ఉంటే, 75 మి.మీ. ముందుకెళ్లేసరికి 0.375 మి.మీ. పక్కకి జరుగుతుంది. 7.62×39 తూటా వ్యాసం 7.9 మి.మీ., నా బ్రేక్ రంధ్రం 9. ఒక్కో వైపు ఉన్న ఖాళీయే 0.55. పైగా ఏకే రకం గొట్టాల్లో మర, రంధ్రం ఒకే కేంద్రం మీద ఉంటాయన్న హామీ లేదు.

అడాప్టర్‌ని రాక్‌సెట్‌తో అతికించాను. మరలకి మామూలుగా రాసే నీలం లాక్‌టైట్ జిగురు ఈ వేడికి ఆగదు. రాక్‌సెట్ పింగాణీ జాతి జిగురు, నీళ్లలో నానబెడితే మళ్లీ వదులుతుంది. మరలని ఎసిటోన్‌తో తుడిచి, పలచగా రాసి, ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేశాను. తర్వాత బ్రేక్ బిగించేటప్పుడు అడాప్టర్ చదును ముఖాలకి ఒక రెంచ్, బ్రేక్‌కి ఒక రెంచ్. పిన్ను మీద భారం పడనివ్వలేదు. బ్రేక్ కన్నాలు పక్కలకి తిరగడానికి బిగిస్తే నలిగే క్రష్ వాషర్ కాకుండా షిమ్‌లు (పలచటి చదును రేకు ఉంగరాలు) వాడాను. క్రష్ వాషర్ అన్ని వైపులా ఒకేలా నలగదు.

చివరగా అలైన్‌మెంట్ రాడ్, అంటే గొట్టం రంధ్రానికి సరిగ్గా పట్టే తిన్నటి కడ్డీ. గొట్టంలోకి దించి బ్రేక్ ముందు నుంచి చూస్తే రాడ్ చుట్టూ వెలుగు ఉంగరం అన్ని వైపులా ఒకే మందంలో కనబడాలి. నాది కింద రవ్వంత పలచగా ఉంది, కానీ ఎక్కడా తగలడం లేదు. తగిలి ఉంటే బ్రేక్ పెట్టెలోకి, మొదట విప్పిన పాత స్లాంట్ బ్రేక్ మళ్లీ గొట్టం మీదకి వెళ్లేవి.

చట్టం సంగతి

దిగుమతి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మీద చెయ్యి వేస్తే అమెరికా ఫెడరల్ నిబంధన 922(ఆర్) చూసుకోవాలి. 20 భాగాల జాబితాలో విదేశీవి 10కి మించకూడదు, మజిల్ మీద బిగించేది ఆ జాబితాలో ఉంది. నా బ్రేక్ అమెరికాలో చేసిందే కాబట్టి లెక్క చెడలేదు. హెచ్1బీ మీద తుపాకీ కొనొచ్చా అని మనవాళ్లు అడుగుతూనే ఉంటారు. నాన్ ఇమిగ్రెంట్ వీసాకి మామూలుగా కుదరదు. చెల్లే హంటింగ్ లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులున్నాయి.

రేంజ్‌లో

మొదట ఒక్కొక్క తూటాయే పెట్టి కాల్చాను. ప్రతిసారీ బ్రేక్ లోపలి అంచు మీద సీసం గీత గానీ రాగి మరక గానీ పడిందేమో చూశాను, ఏమీ లేదు. భుజం మీద తన్ను తగ్గింది, పక్క బెంచీ ఆయన మాత్రం ఇంకో బెంచీకి మారిపోయాడు. గొట్టం, అడాప్టర్, బ్రేక్ మూడింటి మీదుగా తెల్ల పెయింట్ పెన్‌తో ఒక గీత గీశాను. గొట్టం బాగా వేడెక్కాక కూడా గీత చెదరలేదు. వచ్చేసారి శుభ్రం చేసేటప్పుడు రాడ్ మళ్లీ దించి చూడాలి, షిమ్ ఒకటి మార్చాలి.