గ్రిల్స్ షాపు నుంచి పైపు దాకా

ఐటీఐలో వెల్డర్ కోర్సు పూర్తి చేసిన వరంగల్, కాజీపేట పిల్లలు కలిసినప్పుడల్లా "అన్నా, ఎక్కడన్న పని ఉంటే చెప్పరాదే" అని అడుగుతుంటారు. ఏ జాయింటు దాకా చేయి వచ్చిందని నేను వాళ్లను తిరిగి అడుగుతాను, ఎందుకంటే వెల్డర్ కూలి, ఎదుగుదల రెండూ ఆ జవాబును బట్టే ఉంటాయి.

ఈ కోర్సు ఏడాదిది, ఎనిమిదో తరగతి పాసైనవారు చేరవచ్చు. బయటికి వచ్చినవారిలో చాలామంది గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే షాపుల్లో కుదురుతారు. అక్కడి పనిని నేను తక్కువ చేయను. కొలత తీయడం, మూలమట్టం చూసుకోవడం, పలుచని గొట్టానికి చిల్లు పడకుండా కరెంటు తగ్గించి అతకడం అక్కడే అబ్బుతాయి. అయితే ఆ షాపుల్లో వాడేది ఎక్కువగా 6013 అనే మామూలు వెల్డింగ్ రాడ్డే, అతుకు లోపల ఏముందో చూసేవారు ఉండరు, పైన గ్రైండింగ్ చేసి రంగు వేస్తే పని ముగుస్తుంది. అందుకే ఎన్నేళ్లు చేసినా కూలి ఒక స్థాయి దాటదు.

రామగుండం ఎన్టీపీసీలోనో, చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలోనో, జైపూర్‌లోని సింగరేణి విద్యుత్ కేంద్రంలోనో బాయిలర్ ట్యూబు అతికే పని వేరు. గాలి పీడనానికి వంద రెట్లకు పైబడిన ఒత్తిడితో ఆవిరి ప్రవహించే ఆ ట్యూబుల అతుకులను ఎక్స్‌రే తీసి పరీక్షిస్తారు. లోపల స్లాగ్ (రాడ్డు పూత కరిగి మిగిలే మడ్డి) చిక్కుకున్నా, రూట్ (అతుకులో అడుగున వేసే మొదటి పొర) సరిగా కరగకపోయినా ఫిల్ములో బయటపడుతుంది, ఆ అతుకును తీసేసి మళ్లీ చేయాల్సి వస్తుంది. కాబట్టి కేంద్రాన్ని ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనులకు మనుషులను తీసుకునే కాంట్రాక్టర్లు ముందు టెస్ట్ పెడతారు. అందులో కఠినమైనది 6జీ అనే పైపు పరీక్ష. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు, దాన్ని తిప్పకూడదు, వెల్డరే దాని చుట్టూ తిరిగి కింద, పక్కల, పైన ఒకే తీరుగా అతకాలి. సాధారణంగా రూట్‌ను ఆర్గాన్ వాయువు రక్షణలో వేసి, మీద 7018 అనే మరో రకం రాడ్డుతో నింపుతారు. ఆ రాడ్డుకు తేమ తగిలితే అందులోని హైడ్రోజన్ లోహంలోకి చేరి, కొన్ని గంటల తర్వాత కూడా అతుకు పగలవచ్చు. సైట్లలో రాడ్లను ఓవెన్‌లో కాల్చి, వేడిగానే చిన్న ఓవెన్‌లో పెట్టి చేతికివ్వడానికి కారణం ఇదే.

ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుందనుకోకూడదు. చాలా ప్రాజెక్టులు పాటించే అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) నియమం ప్రకారం ఆ రకం వెల్డింగ్‌ను 6 నెలలకు మించి చేయకపోతే అర్హత పోతుంది.

మరి పైపు మీద చేయి తిరిగేదెక్కడ? ఐటీఐలో ప్లేట్ల మీద గడిచే సమయంతో పోలిస్తే పైపు మీద గడిచేది చాలా తక్కువ, ఇది మన పిల్లలకు జరుగుతున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నా సలహా ఏమిటంటే, పైపింగ్ పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర కూలి తక్కువైనా హెల్పర్‌గా చేరండి. గ్రైండింగ్ చేస్తూ, ఫిట్టరు రెండు పైపుల మధ్య గ్యాప్ ఎలా పెడుతున్నాడో గమనిస్తూ, మిగిలిన పైపు ముక్కలను అడిగి తీసుకుని భోజన విరామంలో రూట్ వేసి చూసుకోండి. రైల్వే, సింగరేణి వంటి సంస్థల అప్రెంటిస్‌షిప్ దొరికితే, స్టైపెండ్ చిన్నదని వదులుకోవద్దు.

జింకు పూసిన పైపు అతికినప్పుడు లేచే పొగ వల్ల ఆ రాత్రి చలిజ్వరం వస్తే బెల్లం తింటే పోతుందని మనవాళ్లు నమ్ముతారు. ముందు ఆ పూతను గీకేసి, గాలి ఆడే చోట పనిచేయడమే అసలు జాగ్రత్త.

కరీంనగర్, జగిత్యాల వైపు వాళ్లకు గల్ఫ్ ఆలోచన సహజం. అక్కడికి పంపేముందు కూడా చేతిపని పరీక్ష ఉంటుంది. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవాలి, అతను తీసుకోదగిన సేవా రుసుము జీఎస్టీ కాక 30,000 రూపాయలకు మించకూడదు. పది పాస్ కానివారికి మామూలుగా ఈసీఆర్ (వలసకు అనుమతి అవసరమనే) పాస్‌పోర్టు వస్తుంది, దానితో గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. రైల్వే టెక్నీషియన్ కొలువులకు సైతం ఐటీఐతో పాటు పదో తరగతి అడుగుతారు. ఎనిమిదితోనే ఆపేసి ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పది పరీక్ష రాయవచ్చు, పని మానుకోవాల్సిన అవసరం లేదు.