బియ్యప్పిండితో ఆకులు

"పట్టుకుని చూడు, ఏం కాదు" అంటూ ఇంటావిడ గోడ మీది ఆకొకటి తీసి నా చేతిలో పెట్టింది. ఎర్రగా, పల్చగా ఉంది. ఎండకి ఎత్తి పట్టుకుంటే ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. అదంతా బియ్యప్పిండే!

మే 15. ఫిలిప్పీన్స్‌లోని కెజోన్ ప్రావిన్స్‌, లుక్బన్ ఊళ్లో పహియాస్ పండుగ. రైతులను కాచే క్రైస్తవ సెయింట్ సాన్ ఇసిద్రోకి పంట ఇచ్చినందుకు దణ్ణం పెట్టుకునే రోజు. ఇళ్ల ముందు భాగం ఎక్కడా ఖాళీ లేదు. వరి కంకులు, గుమ్మడికాయలు, వంకాయలు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా ఈ ఆకులు. వీటిని కిపింగ్ అంటారు. రంగు కలిపిన పిండిని నిజం ఆకు మీద పూసి, ఆవిరి పట్టి, ఆరాక ఒలుస్తారు. నాకు వెంటనే మన ఆత్రేయపురం పూతరేకులు గుర్తొచ్చాయి. పండగయ్యాక వీటిని వేయించుకుని తింటారు కూడా.

ఊరేగింపు దారి ఏటా మారుతుందట. ఆ దారిలో ఉన్న వీధులదే ఆ ఏటి అలంకారం. ఈసారి ఈవిడ వీధి వంతు. వంతు వచ్చిందని చెప్తుంటే ఆమె మొహంలో ఆ వెలుగు చూడాలి! పండగని ఇలా వీధివీధికీ పంచుకోవడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

మధ్యాహ్నం పాన్సిట్ హబ్‌హబ్ తిన్నాం. అరటాకులో నూడుల్స్, పైన కాస్త వెనిగర్. ఫోర్క్ ఉండదు, ఆకు ఎత్తి నేరుగా నోట్లోకే.

ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలూ, వచ్చే మేలో వీలైతే తప్పకుండా వెళ్లండి. పొద్దున్నే చేరుకోండి, తర్వాత అడుగు తీసి అడుగు వేయలేం.