ఇటుకల కోసం ఇంత దూరమా?

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం వెళ్ళింది సముద్రం కోసమే. విశాఖలో సంక్రాంతి రద్దీ తలుచుకుంటేనే భయమేసి, ఇంకాస్త పైకి పోతే ప్రశాంతంగా ఉంటుందనుకున్నాం. ప్రశాంతత సంగతి దేవుడెరుగు, పండగ పేరు చెప్పి రెండు వేల గదిని మూడున్నర వేలు చేశారు. ఏసీ ఉందిగా అన్నారు. జనవరిలో ఏసీ ఎవడికి కావాలి?

ఒక పూట గడిచేసరికి అత్తమ్మకు సముద్రం విసుగొచ్చింది. "ఎంతసేపు చూసినా అవే నీళ్ళు కదయ్యా, ఏదన్నా గుడికి తీసుకపో" అంది. కనుమ జనం వదిలేసి పోయిన బిర్యానీ డబ్బాల మధ్య కూర్చుని నేనూ అదే అనుకుంటున్నాను. ఇక ఆ రోజు నుంచి సముద్రం మాకు పొద్దున్నే టీ తాగుతూ ఓసారి చూసి వచ్చే వస్తువైపోయింది.

అరసవల్లి గురించి చెప్పేదేమీ లేదు. ఆదివారం వెళ్ళాం. సూర్యుడి గుడికి ఆదివారం వెళ్తే ఏమవుతుందో తెలిసిందే. మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయంటారు. మా మీద మాత్రం క్యూలో మూడు గంటలు పడ్డాయి.

శ్రీకూర్మం నచ్చింది. విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకునే గుడి, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే అటొకటి ఇటొకటి, రెండు ధ్వజస్తంభాలు. గుడి చుట్టూ ఉన్న మండపంలో నల్లరాతి స్తంభాల నిండా శాసనాలు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థుల శాసనాలు కూడా వీటిలో ఉన్నాయి, పదమూడో శతాబ్దంవి. మా ఆవిడ గోడల మీది పాత బొమ్మల దగ్గర ఆగిపోతే, అత్తమ్మ ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళ దగ్గర ఆగిపోయింది. వీపు మీద పసుపు చారలు నక్షత్రాల్లా విచ్చుకున్న చిన్న తాబేళ్ళు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి పాలకూర తింటున్నాయి. "దేవుడు లోపలున్నాడా, ఇక్కడున్నాడా" అంది. పూజారి వినలేదు, మంచిదే.

శాలిహుండం వెళ్దామన్నది నేను. కళింగపట్నానికి ఐదారు కిలోమీటర్లే, వంశధార దక్షిణపు గట్టున కొండ మీద బౌద్ధ స్తూపాలు. గదులవాడు అడ్డంగా తల ఊపాడు, టీ కొట్టాయన "పిక్నిక్‌కా?" అన్నాడు. బస్సు ఎన్నింటికని ముగ్గుర్ని అడిగితే మూడు టైములు చెప్పారు. చివరికి ఒక ఆటో అబ్బాయిని పట్టుకున్నాం.

"శాలిహుండమా? అక్కడేటుంది బాబూ, ఇటికలు. ఆ ఇటికలు చూడ్డానికి కమ్మం నించి వచ్చినారేటి?"

ఎనిమిది వందలన్నాడు. ఐదారు కిలోమీటర్లకు! అక్కడ ఆగాలి, మళ్ళీ తీసుకురావాలి కదా అని వాదన. ఆరు వందలకు కుదిరింది. కుదిరి అర కిలోమీటరు పోయామో లేదో, రోడ్డు పక్కన చెయ్యెత్తిన ముసలావిడ దగ్గర ఆపేశాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ ఒక బుట్టను అత్తమ్మ కాళ్ళ దగ్గర పెట్టి ఎక్కేసింది. బుట్ట మీద పాత చీర ముక్క, దాని కింద ఎండబెట్టిన మెత్తళ్ళు. ఆటో అంతా ఆ వాసనే. అత్తమ్మ గుళ్ళు పూర్తయ్యేదాకా నీసు ముట్టనని మొక్కుకుని ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే, ఆటో మాట్లాడింది నువ్వే కదా అన్నట్టు. నాకూ ఒళ్ళు మండింది. ఆరు వందలిచ్చి మాట్లాడుకున్న బండిలో ఊళ్ళోవాళ్ళనందరినీ ఎక్కిస్తాడా?

"ఏ ఊరప్పా మీది?" అని ముసలావిడే మొదలుపెట్టింది.

ఖమ్మం అంటే అర్థం కాలేదు. భద్రాచలం పక్కన అని మా ఆవిడ చెప్పాక ముఖం విప్పారింది. "రాములోరి ఊరేటి!" అని అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మేమెవరం వాళ్ళకు కనబడలేదు. ఎవరికెంతమంది పిల్లలు, ఎవరి కోడలు ఎలాంటిది, మోకాళ్ళకు ఏ నూనె మంచిది, అన్నీ వచ్చాయి. ముసలావిడ చిన్నప్పుడు ఆ కొండ మీదే మేకలు కాసిందట. "అప్పుడు ఇంత రోడ్డు నేదు. రాళ్ళ మీద కూకొని సద్దన్నం తినీవోళ్ళం. అది బుద్దుడిదని మాకేటి తెలుసు?" అంది. కొండ కింద దిగేటప్పుడు ఆటోవాడి చేతిలో ఇరవై రూపాయలు పెట్టింది, వాడు మా ముందే జేబులో వేసుకున్నాడు. అత్తమ్మ అప్పటికే కొంగు తీసేసి బుట్టలో చెయ్యి పెట్టి ఉంది. ఖమ్మంలో ఇవే ఎంత, మీరెంత అంటున్నారు, రాయి కలిపారా, బాగా ఎండాయా! పావుకిలో కొంది. మొక్కు తినకూడదనే గానీ కొనకూడదని కాదట.

కొండ పెద్ద ఎత్తేమీ కాదు. అత్తమ్మ సగం దాకా వచ్చి చెట్టు నీడన కూర్చుంది, మెత్తళ్ళ సంచితో సహా. పైన మేం ముగ్గురమే, ఆటోవాడితో కలిపి. వాడూ ఎక్కాడు, చూద్దామని. ఇక్కడే పుట్టి పెరిగినవాడు చిన్నప్పుడు బడి పిల్లలతో ఒకసారి వచ్చాడంతే. నవ్వబోయి ఆగాను. మా ఖమ్మానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో నేలకొండపల్లిలో పెద్ద స్తూపం ఉంది. రామదాసు పుట్టిన ఊరని ఎన్నిసార్లు వెళ్ళామో, పొలాల మధ్యనున్న ఆ స్తూపం దగ్గరికి నేను పెళ్ళయ్యాక గానీ పోలేదు.

పైన ఉన్నవి నిజంగా ఇటుకలే. గుండ్రటి స్తూపం పునాది లోపల, బండి చక్రానికి ఆకుల్లా, మధ్య నుంచి అంచుకు ఇటుక గోడలు. పైన మట్టి నింపితే లోపలి ఈ గోడలు ఆ బరువును పట్టి ఉంచుతాయి. ఆటోవాడు తాపీ పని కూడా తెలిసినవాడిలా ఉంది, వంగి ఒక ఇటుక మీద జాన పెట్టి కొలిచాడు. జాన దాటి ఇంకా మిగిలింది. "ఇప్పటి ఇటిక దీని పక్కన ఏపాటి బాబూ? ఎత్తడానికే ఇద్దరు కావాల" అన్నాడు. ఇటుకల సందుల్లో గరిక మొలిచి, దాని వెంట ఎర్ర చీమల బారు పోతోంది. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం ప్రాంతం నుంచి వందల ఏళ్ళ పాటు భిక్షువులు ఇక్కడ ఉన్నారు. తవ్వకాల్లో ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచే భరిణెలు దొరికాయి, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. అంటే బౌద్ధం తొలినాటి హీనయానం నుంచి ఇలాంటి దేవతలను కొలిచే వజ్రయానం దాకా మారినంత కాలమూ ఈ కొండ ఖాళీ కాలేదన్నమాట. ఎందుకు కాలేదో పైనుంచి చూస్తే తెలుస్తుంది. కింద వంశధార, అటు తూర్పున నది కలిసే చోటు, రేవు. ఓడల మీద వచ్చే వర్తకుల దానాలు, చుట్టూ వరి పొలాలు. బుద్ధుడు కోరికలు వద్దన్నాడు గానీ ఆరామాలు కట్టినవాళ్ళకు మంచి స్థలం ఎక్కడుందో బాగా తెలుసు.

ఈ దిబ్బను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాష గిడుగు అనే మనకు తెలుసు, ఆగస్టు 29 వస్తే బడుల్లో ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఆయనకు ఈ రాళ్ళ పిచ్చి కూడా ఉందని ఆటోవాడికి చెబితే, "పంతులు గోరు మావోరే గదా, వంశధార ఒడ్డే" అన్నాడు గర్వంగా. నిజమే, ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863లో. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చూసి, ఎవరూ చెప్పకుండానే పాత లిపి నేర్చుకున్నారు. ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళకు బడులు పెట్టారు. అత్తమ్మా ముసలావిడా ఆటోలో మాట్లాడుకున్న తెలుగు విని ఉంటే ఆయన నోట్సు పుస్తకం తీసి ఉండేవారు.

దిగాక డబ్బుల గొడవ. దారిలో మనిషిని ఎక్కించుకున్నావు కాబట్టి వంద తగ్గించమన్నాను. ఒప్పుకోలేదు, టీ మాత్రం తనే తాగించాడు. ముప్ఫై రూపాయల లాభం అని మా ఆవిడ లెక్క తేల్చింది.

సంచి వాసనకు గది అద్దెకిచ్చినవాడు ముఖం చిట్లించాడు గానీ, అక్కడ పనిచేసే కుర్రాడు మాత్రం మెత్తళ్ళను ఇంటికి తీసుకెళ్ళి రాత్రికి వాళ్ళమ్మ చేత వేయించి తెచ్చాడు. దాంతో పాటు చెంబు నిండా చోడి అంబలి, మన రాగి అంబలే. మా ఇద్దరికే. అత్తమ్మ అంబలి తాగి, మెత్తళ్ళు ఎలా ఉన్నాయో పదిసార్లు అడిగింది. ఆ గదికి మూడున్నర వేలు పెట్టినందుకు గిట్టుబాటైన ఒకే ఒక్క పూట అది.

మర్నాడు శ్రీముఖలింగం. ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం అదేనంటారు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్ళు. ఊరి మొదట్లోనే సోమేశ్వరాలయం, ముందు మండపం లేకుండా శిఖరం ఒక్కటే నిలబడి ఉంటుంది. ఇంతటి రాజధాని ఊరికి మధ్యాహ్నం పూట భోజనం దొరకలేదు, అరటిపళ్ళు తిని సరిపెట్టుకున్నాం. తిరుగు బస్సు కోసం చూసి చూసి అత్తమ్మ ఎవరిదో ఇంటి అరుగు మీద పడుకుంది. టెక్కలి అవతల తేలినీలాపురంలో కొంగలూ గూడబాతులూ మార్చి దాకా ఉంటాయని, వాటిని ఆ ఊరివాళ్ళు పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారని చెప్పారు గానీ ఇక ఓపిక లేదు.

స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, ఉండేది ఆమదాలవలసలో. ఆ పది పన్నెండు కిలోమీటర్లకు ఆటో మళ్ళీ మూడు వందలు. రైలు రెండు గంటలు లేటు. ఈలోపు అత్తమ్మ పలాస జీడిపప్పు బేరమాడింది. కిలోకు ఖమ్మం కంటే ఎనభై తక్కువట, మూడు కిలోలు కొంది. మోసింది నేను.