పందికొవ్వు మేత, చిన్నాయన ప్రశ్న

తాడిపత్రి నుంచి మా చిన్నాయన మొన్న ఫోనులో అన్న మాట నన్ను ఇంకా వదలడం లేదు. ఆయన బక్కపలచని మనిషి, పదవీ విరమణ చేసిన బడిపంతులు, చుక్క ముట్టి ఎరుగరు. అనంతపురంలో తీయించిన స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని, గట్టిపడటం కూడా మొదలైందని తేలింది. చాటుగా తాగుతాడేమోనని బంధువుల్లో కొందరు అనుకున్నారట. నేను పనిచేసే ఈ మిన్నెసోటాలోనే, రాచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో, తాగుడు అలవాటు లేని 20 మంది రోగుల కాలేయాలు తాగేవాళ్ళ కాలేయాల్లాగే పాడయ్యాయని లుడ్విగ్ అనే వైద్యుడి బృందం 1980లోనే రాసింది. ఆ సంగతి చెప్పి, మా ప్రయోగశాలలో చుండెలుకల మీద జరిగే పని గురించి ఎత్తుకోబోతే, "పందికొవ్వు తిన్న ఎలుకలను చూసి నా కాలేయం గురించి ఏం చెప్తావు నాయనా? నేనేనాడన్నా అది తింటినా?" అని మందలించారు.

మా ఎలుకలకు పెట్టే ఆ పందికొవ్వు మేత నీలిరంగు గుళికల రూపంలో వస్తుంది. చలిపెట్టెలోంచి తీసి తూచేటప్పుడు చేతి తొడుగులకు జిడ్డు అంటుకుంటుంది, కాస్త నొక్కితే గుళిక పొడైపోతుంది. అందులోని కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే వస్తాయి, ఆ కొవ్వులో అధికభాగం పందిదే. అది తిన్న ఎలుక లావెక్కుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, కాలేయ కణాల్లో కొవ్వు బొట్లు నిండుతాయి. కానీ నెలల తరబడి మేపినా కాలేయం పెద్దగా గట్టిపడదు. అందుకే ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర), కొలెస్ట్రాల్ చేర్చిన మేతను ఆరు నెలల దాకా పెడతారు. అప్పుడు వాపు మొదలై, ఆ తర్వాత కాలేయాన్ని గట్టిపరిచే కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ పేరుకుంటుంది. సిరియస్ రెడ్ అద్దకం వేసిన పలుచని కోతలో అది ఎర్రని పోగులుగా కనిపిస్తుంది. మెథియోనిన్, కోలిన్ అనే పోషకాలు లేని మేతతో వారాల్లోనే ఈ దశ వస్తుంది గానీ ఎలుక చిక్కి శల్యమవుతుంది. మనుషుల్లో జబ్బు నడిచే తీరు అది కాదు.

మనిషిలో దశాబ్దాలు పట్టే ఈ నడకను నెలల్లో, అంచెలంచెలుగా చూడగలగడం ఎలుకల వల్లనే సాధ్యమవుతోంది. 2024 మార్చిలో ఈ జబ్బుకు తొలి మందుగా అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరోమ్ కూడా ముందు జంతువుల్లో పరీక్షించినదే. ఈ పనిని తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

అయినా చిన్నాయన మాటలో న్యాయముంది. ఈ మేత ఇక్కడివాళ్ళ భోజనాన్ని మనసులో పెట్టుకుని తయారైంది. మూడు పూటలా అన్నం, నాలుగుసార్లు చక్కెర టీ తాగే మనిషి దానిలో ఎక్కడా కనిపించడు. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం తానే కొవ్వుగా మార్చుకుంటుంది. చక్కెరలో సగం ఫ్రక్టోజే. పైగా దక్షిణాసియా వాళ్ళకు తక్కువ బరువులోనే కాలేయానికి కొవ్వు పడుతుంది. జేజి కాలంలో సంగటి తిని చేను పని చేసిన ఊళ్ళలో ఇప్పుడు కూర్చుని సన్నబియ్యం తింటున్నాం. మా గదుల్లో లావెక్కిన ఎలుకలే తప్ప బక్క ఎలుకలు లేకపోవడం నన్ను నిజంగా బాధిస్తోంది.

గది వేడి సంగతీ అంతే. మనకు హాయిగా ఉండే 22 డిగ్రీల్లో చుండెలుకకు చలి. తిన్నదానిలో చాలా భాగం ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. 30 డిగ్రీల్లో ఉంచితే కాలేయ జబ్బు ముదురుతుందని, ఆడ ఎలుకలకు కూడా వస్తుందని 2017లో ఒక పరిశోధన చూపింది. మా అనంతపురంలో 30 డిగ్రీలంటే చల్లని పూట కిందే లెక్క.

కొవ్వు తగ్గించి, పిండిపదార్థమూ చక్కెరా పెంచిన మేతతో వచ్చే విడతలో ఒక గుంపును పెడదామని మా ప్రధాన పరిశోధకురాలిని అడిగాను. ఫలితం రావడానికి చాలా కాలం పడుతుందని, డబ్బు కూడా ఎక్కువవుతుందని అంటూనే ప్రతిపాదన రాసి ఇమ్మన్నారు. గది వేడి 30 డిగ్రీలుండాలని కూడా అందులో రాస్తున్నాను. గుంపులో ఎలుకల సంఖ్య తగ్గించమంటే తగ్గిస్తాను గానీ, మేత విషయంలోనూ వేడి విషయంలోనూ వెనక్కి తగ్గదలచుకోలేదు.