సెయింట్ మేరీస్ కాలేజీ గురించి అడిగేవాళ్లందరికీ

మెసేజ్‌ల్లో అడిగేవాళ్లు ఎక్కువైపోయారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. మా పెద్దమ్మాయి చదివేది అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలోని సెయింట్ మేరీస్ కాలేజ్ ఆఫ్ మేరీలాండ్‌లో. చర్చి వాళ్ల ప్రైవేట్ కాలేజీ అనుకుంటారు చాలామంది, కాదు, ఇది స్టేట్ కాలేజీ, మనం కట్టే టాక్సులతో నడిచేదే. వాషింగ్టన్ డీసీ నుంచి దక్షిణంగా ఒక 70 మైళ్లు పోతే నది ఒడ్డున ఉంటుంది, మొత్తం స్టూడెంట్స్ 1,600 మంది దాకా ఉంటారేమో, అంతే. మా ఇంటి దగ్గరి హైస్కూల్లో ఇంతకన్నా ఎక్కువమంది ఉన్నారు.

మనవాళ్లు ఎక్కడ కలిసినా మొదటి ప్రశ్న ర్యాంక్ ఎంత అని, రెండోది కాలేజ్ పార్క్‌లో, అంటే మా స్టేట్ పెద్ద యూనివర్సిటీలో, సీటు రాలేదా అని. వచ్చింది, తనే ఇది కావాలంది. పిల్లల్ని కాలేజీకి పంపేముందు ర్యాంక్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన పిల్ల రాసింది ఎవరు చదువుతారు? చదివి, ఇక్కడ తప్పు, ఇక్కడ బాగుంది, దీన్ని ఇంకాస్త తవ్వు అని ఎవరు చెబుతారు? నేను ఆంధ్రాలో డిగ్రీ చదివినప్పుడు గైడ్లు కొనుక్కుని మార్చిలో పరీక్షలు రాసేదాన్ని, ఆ పేపర్లు బండిల్ కట్టి ఎక్కడికో పంపేవాళ్లు, ఏ ఊళ్లో ఎవరు దిద్దారో ఇప్పటికీ తెలీదు, మార్కుల లిస్టు మాత్రం వచ్చేది. మా లెక్చరర్లు మంచివాళ్లే, కానీ ఒక్కో క్లాసులో మేం వందమంది ఉంటే పాపం వాళ్లేం చేస్తారు.

ఇక్కడ మా అమ్మాయి క్లాసుల్లో చాలావాటిలో ఇరవై మందికి మించి లేరు. ఒక్కో కోర్సు మామూలుగా 4 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి నాలుగు కోర్సులే, తక్కువ అనిపిస్తుంది గానీ ఒక్కోదాని మీద పడే పని చూస్తే కాదు. మొదటి సెమిస్టర్లో తను ఒక మూడు పేజీల వ్యాసం రాసి ఇస్తే ప్రొఫెసర్ దాదాపు దానికి సమానంగా కామెంట్లు రాసి తిరిగిచ్చారు, మళ్లీ రాసుకుని రా, ఆఫీసుకి వచ్చి మాట్లాడు అని. ఫోన్లో ఏడుపు మొహం. రెండోసారి రాసింది నాకు పంపితే చదివా, పన్నెండో క్లాసులో ఏ ప్లస్ తెచ్చుకున్న వ్యాసాలకీ దీనికీ పోలికే లేదు, తను నిజంగా ఏమనుకుంటోందో అందులో ఉంది.

ఇంకో సంగతి మనవాళ్లు పట్టించుకోరు. ఇక్కడ పీహెచ్‌డీ స్టూడెంట్స్ లేరు, టీచర్లయ్యేవాళ్ల కోసం ఒక మాస్టర్స్ కోర్సు ఉంది, అంతే. పెద్ద యూనివర్సిటీల్లో ప్రొఫెసర్‌కి ల్యాబ్‌లో సాయం కావాలంటే ముందు పీహెచ్‌డీ వాళ్లు, తర్వాత ఎంఎస్ వాళ్లు, బీఎస్ పిల్లలకి టెస్ట్‌ట్యూబులు కడిగే దాకా వంతు రావడమే కష్టం అని చుట్టుపక్కల పిల్లలు చెబుతుంటారు (అన్నిచోట్లా అలాగే ఉంటుందని అనను, బాగా వెంటపడే పిల్లలకి అక్కడా దొరుకుతుంది). ఇక్కడ ప్రొఫెసర్ రీసెర్చ్ చేయాలంటే డిగ్రీ పిల్లలతోనే చేయాలి, వేరే గతి లేదు. అందుకే మా అమ్మాయి సెకండియర్లోనే పడవెక్కి నీళ్ల శాంపిల్స్ తీస్తోంది.

నది గురించి చెప్పాలి. సెయింట్ మేరీస్ నది పోటోమాక్‌లో కలుస్తుంది, అది చీసపీక్ బే అనే పెద్ద సముద్రపు పాయలోకి పోతుంది. ఒకప్పుడు ఆ బే నిండా ఆయిస్టర్లే, అంటే మన ఆల్చిప్పల జాతి, ఒక్క పెద్ద ఆయిస్టర్ రోజుకి 50 గ్యాలన్ల దాకా నీళ్లు వడకట్టగలదట. విపరీతంగా పట్టేయడం, జబ్బులు, పొలాల నుంచి వచ్చే ఎరువులు అన్నీ కలిసి ఇప్పుడు పాతకాలంలో ఉన్నవాటిలో ఒక శాతం ఏదో మిగిలాయి. వాటిని మళ్లీ పెంచే పని ఈ నదిలో జరుగుతోంది, దిబ్బల్లా రీఫ్‌లు కట్టి. బయాలజీ క్లాసు వాళ్లు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, ఉప్పు ఎంతుంది అని కొలుస్తారు, ఎండాకాలంలో అడుగున ఆక్సిజన్ పడిపోతే ఏమవుతుందో పుస్తకంలో చదివింది కళ్లతో చూస్తారు. ల్యాబ్ రిపోర్ట్ తప్పొస్తే మార్కులు పోవడం ఒకటి, తప్పు అంకె వల్ల ఎవరో నమ్మి ఏదో నిర్ణయం తీసుకుంటారేమో అనే భయం ఇంకోటి. ఆ రెండో భయం మా అమ్మాయికి వచ్చింది, నాకు చాలా సంతోషం.

సరే బయాలజీ అమ్మాయికి హిస్టరీ ఎందుకండీ అని మా ఆడపడుచు అడిగింది. ఏ మేజర్ అయినా సైన్సు, చరిత్ర, ఆర్ట్స్, సోషల్ సైన్సెస్ అన్నీ కొంత కొంత చదవాల్సిందే, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు అంటారు, వీటి పద్ధతే అది. కానీ ఇక్కడ దానికి ఇంకో బలం ఉంది, కాలేజీ ఉన్న చోటే మేరీలాండ్ మొదటి రాజధాని, 1634లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే ఊరు కట్టుకున్నారు. తర్వాత రాజధాని అనాపొలిస్‌కి పోవడంతో ఊరు పొలాల్లో కలిసిపోయింది, అందుకే నేల కింద అంతా అలాగే ఉండిపోయింది. క్యాంపస్ పక్కనే మ్యూజియం, అక్కడ ఎండాకాలంలో స్టూడెంట్స్‌తో తవ్వకాలు చేయిస్తారు. ఆ వచ్చినవాళ్లు మొదట కట్టుకున్న కోట ఎక్కడుందో ఎన్నో దశాబ్దాలు వెతికి చివరికి దొరికిందని 2021లో ప్రకటించారు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. 2016లో కాలేజీ వాళ్లు కొత్త స్టేడియం కట్టబోతూ ముందు తవ్వి చూస్తే బానిసలుగా ఉంచిన నల్లజాతి మనుషుల ఇళ్ల ఆనవాళ్లు దొరికాయి. పూడ్చేసి కట్టేసుకోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. అలా చేయలేదు, 2020లో అక్కడ వాళ్ల జ్ఞాపకంగా ఒక చిన్న ఇంటి ఆకారంలో కట్టడం పెట్టారు, అద్దంలా మెరిసే స్టీలు, చెక్క, వాటి మీద కవిత్వం, దగ్గరకి పోతే ఆ అక్షరాల మధ్య మన మొహం కనిపిస్తుంది. పేరెంట్స్ వీకెండ్‌కి వెళ్లినప్పుడు మావారు అక్కడ చాలాసేపు నిలబడ్డారు. ఇక్కడే 1649లో క్రైస్తవుల్లో ఎవరి శాఖ వాళ్లు పాటించుకోవచ్చని చట్టం చేశారు, ఇదే నేల మీద మనుషుల్ని కొని ఉంచుకున్నారు, రెండూ ఒకే కోర్సులో చదివిస్తారు. ఇది చదివిన పిల్ల తర్వాత డాక్టర్ అయినా ఇంకేమైనా వేరేగా ఉంటుంది అని నేను నమ్ముతా.

కవిత్వం అంటే గుర్తొచ్చింది, లూసిల్ క్లిఫ్టన్ ఇక్కడ చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు, 2000లో నేషనల్ బుక్ అవార్డ్ వచ్చిన కవయిత్రి. అంత పెద్దావిడ ఒక చిన్న స్టేట్ కాలేజీలో డిగ్రీ పిల్లల కవితలు దిద్దేవారంటే ఆలోచించండి.

చివరి ఏడాదిలో సెయింట్ మేరీస్ ప్రాజెక్ట్ అని ఒకటుంటుంది, అందరూ ఎస్ఎంపీ అంటారు. ఏడాది పొడుగునా ఒక్క విషయం మీద ఒక ప్రొఫెసర్‌తో కూర్చుని పని చేయడం. సైన్సు వాళ్లు రీసెర్చ్, ఇంకొకళ్లు నాటకం, ఇంకొకళ్లు నవల, ఆఖర్లో అందరి ముందూ చెప్పాలి, వచ్చినవాళ్లు ప్రశ్నలడుగుతారు. మా అమ్మాయి సీనియర్ ఫ్రెండ్‌ది చూడ్డానికి వెళ్లాం, నాకు సగం అర్థం కాలేదు, కానీ ఒక ప్రశ్నకి ఆ అమ్మాయి "ఈ డేటాతో అది చెప్పలేం, దానికి ఇంకో సీజన్ కొలవాలి" అంది, తడబడకుండా. ఇరవై రెండేళ్లకి తనకేం తెలుసో ఏం తెలీదో అంత స్పష్టంగా చెప్పగలగడం, పెద్ద డిగ్రీలున్న ఎంతమందిలో చూశాం మనం?

డబ్బుల సంగతి. ఇలాంటి చదువు చెప్పే పేరున్న ప్రైవేట్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 60 వేల డాలర్లు దాటింది. మేరీలాండ్‌లో ఉండేవాళ్లకి ఇక్కడ అందులో మూడో వంతు కూడా అవదు. 1840లో ఆడపిల్లల స్కూలుగా మొదలైంది ఇది, 1992లో స్టేట్ దీన్ని పబ్లిక్ ఆనర్స్ కాలేజీగా గుర్తించింది, డబ్బున్న ఇళ్ల పిల్లలకే దొరికే చదువు మామూలు ఇళ్ల పిల్లలకీ దొరకాలని. ఈ ఒక్క కారణానికే ఈ కాలేజీ అంటే నాకు గౌరవం.

అందరికీ సరిపోతుందని మాత్రం చెప్పను. ఇంజనీరింగే చేయాలనుకునే పిల్లలకి ఇది కాదు. కంప్యూటర్ సైన్స్ ఉంది, చిన్న డిపార్ట్‌మెంట్, పెద్ద కంపెనీలు క్యూ కట్టవు, ఇంటర్న్‌షిప్‌లు పిల్లలే వెతుక్కోవాలి. పై కోర్సులు కొన్ని ప్రతి సెమిస్టర్ ఉండవు, ముందే ప్లాన్ చేసుకోకపోతే ఇబ్బంది. మన తెలుగు పిల్లలు చాలా తక్కువ, ఇండియన్ గ్రోసరీ దగ్గర్లో ఉండదు, వెళ్లినప్పుడల్లా కందిపొడి, గోంగూర పచ్చడి, నెయ్యి డబ్బా మోసుకెళ్లడమే. ఇండియా నుంచి నేరుగా వచ్చే పిల్లలకి ఇన్-స్టేట్ ఫీజు, అంటే మేరీలాండ్ వాళ్లకి ఉండే తక్కువ ఫీజు, ఉండదు కాబట్టి వాళ్ల లెక్క వేరే.

వేరే స్టేట్స్‌లో ఉన్నవాళ్లు కూడా అడిగారు. 1987లో ఇలాంటి స్టేట్ కాలేజీలు కొన్ని కలిసి కోప్లాక్ అని ఒక కౌన్సిల్ పెట్టుకున్నాయి. వర్జీనియాలో ఉంటే మేరీ వాషింగ్టన్, న్యూయార్క్‌లో జెనెసియో, నార్త్ కరోలినాలో ఆష్‌విల్, మిస్సోరీలో ట్రూమన్ స్టేట్ చూడండి. టూర్‌కి వెళ్తే డార్మ్, జిమ్ చూపిస్తారు, చూడండి, కానీ ఒక్క క్లాసులో వెనక కూర్చోనివ్వమని అడగండి, తర్వాత బయట కనిపించిన ఏ పిల్లనైనా ఆపి "పోయిన సెమిస్టర్ నువ్వు రాసిన పేపర్ మీద ప్రొఫెసర్ ఏం రాశారమ్మా" అని అడగండి.